ప్రార్థనలో గుంత

మా అత్తగారి ఊళ్లో ప్రభువు ప్రార్థనకు మధ్యలో ఒక గుంత ఉండేది.

ఆదివారం ప్రార్థన గుడిలో పాటలు, వాక్యం, ప్రసంగం అన్నీ అయ్యాక అందరూ లేచి నిలబడి, కళ్లు మూసుకుని, "పరలోకమందున్న మా తండ్రీ" అని ఎత్తుకునేవాళ్లు. గొంతులన్నీ కలిసి బాట మీద బండి పోయినట్టు సాఫీగా పోయేవి. దేవుని నామం, దేవుని రాజ్యం, దేవుని చిత్తం దాటి అనుదినాహారం దగ్గరికి వచ్చేసరికి ఇంకా గట్టిగా పలికేవాళ్లు. ఆ వాడలో ఆ మాట అవసరం లేని ఇల్లు ఒక్కటీ లేదు. దాని వెనకే క్షమించే మాట. మాకు తప్పు చేసినవాళ్లను మేము క్షమించినట్టే మా తప్పులు కూడా క్షమించమని అడిగే మాట. అక్కడికి రాగానే బండి చక్రం గుంతలో పడ్డట్టు చాలా గొంతులు దిగిపోయేవి. ఆ తర్వాత వచ్చే శోధన అన్న మాట దగ్గర మళ్లీ పైకి లేచేవి.

కాపురానికి వచ్చిన మొదటి ఆదివారం అది విని నాకు భయమేసింది. మా అమ్మగారి ఊరు నాగర్‌కర్నూల్ దాటి ఉప్పునుంతల తొవ్వలో ఉంది. అక్కడ మేము మొదటి నుంచి ఆమెన్ దాకా ఒకే ఊపిరిలో చెప్పేవాళ్లం. ఎవరు ముందు ఆమెన్ అంటారో అని పిల్లలం పందెం కూడా వేసుకునేవాళ్లం. ఇక్కడ, కొత్తకోటకు సగం పూట నడక దూరంలో ఉన్న ఈ ఊళ్లో, ఇంతమందికి ఒకే చోట మరుపు వచ్చిందా అనుకున్నాను. ఇంటికి వచ్చాక మా ఆయన్ని అడిగాను.

"మరుపు కాదు. ఎవలతోనన్న పంచాది ఉన్నోళ్లు ఆ మాట అనరు" అన్నాడు.

"పంచాది ఉంటె ప్రార్థన ఎందుకు ఆపాలె?"

"మేం క్షమించినట్టే మమ్ముల క్షమించు అంటున్నం గద. క్షమించకుంట గట్ల అంటె, నన్ను గూడ క్షమించకు దేవుడా అని మనమే అడుక్కున్నట్టు. శాపం మనకే తగుల్తది. అబద్ధం ఆడుడు కంటె నోరు మూసుకునుడు మంచిదని మా పాత పంతులు చెప్పిండు."

ఆ పాత పంతులు నేను రాకముందే పోయాడు. ఏ ఉద్దేశంతో అన్నాడో, ఏదో ఒక ప్రసంగంలో మాటవరసకు అన్నాడో నాకు తెలియదు. ఊరు మాత్రం దాన్ని చట్టం చేసుకుంది. పోలీసు పటేలుకు కూడా తెలియని తగాదాలు మాకు ఆదివారం పొద్దున తెలిసిపోయేవి. ఇద్దరు తోడికోడళ్లు ఒకేసారి నోరు మూసుకుంటే కోడిపెట్ట తగాదా ఇంకా తెగలేదని అర్థం. ఒకరు మూసుకుని ఒకరు పలికితే, పలికినామె మెత్తబడిందని అర్థం. ఒకసారి ఒక ముసలాయన గొంతు దిగిపోయింది. ఆయన కోపం ఎవరి మీదో తెలియక వాడంతా వారం రోజులు ఎవరి తప్పులు వాళ్లు గుర్తుచేసుకుని భయపడ్డారు. చివరికి తేలిందేమంటే ఆయనకు ఆ రోజు పన్ను నొప్పి.

నాది మొదటి నుంచి అనుమానపు బుద్ధి. "దీనికి పాలు పోస్తె తాగదు, అందుల నీళ్లెన్ని ఉన్నయో చూస్తది" అనేది మా అమ్మ. అలాంటిదానికి ఇలాంటి ఊరు దొరికింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. నెల తిరగకముందే ఏ గొంతు ఎవరిదో, ఏది ఎక్కడ దిగిందో కళ్లు మూసుకునే చెప్పగలిగేదాన్ని. దేవునికి చెప్పాల్సిన మాటలు నోటితో చెబుతూ, మనుషుల మాటలు చెవులతో ఏరుకునేదాన్ని. ఇది మంచి పని కాదని అప్పుడూ తెలుసు.

ఆ గుంతలో ఎన్నడూ పడని గొంతు ఒకటి ఉండేది. అది మా అత్తది. చిన్న వయసులోనే మొగుడు పోయిన మనిషి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేది. మాటలు తక్కువ. కొడవలి పడితే మాత్రం ఆమె ముందు మగవాళ్లు కూడా వెనకబడేవాళ్లు. ఆమెది కొంచెం బొంగురు గొంతు. చుట్టుపక్కల గొంతులన్నీ దిగిపోయిన చోట ఆ బొంగురు గొంతు ఒక్కటే తొణక్కుండా పోయేది. ఆమె అంటే గిట్టనివాళ్లు కూడా "దాని ప్రార్థనల గుంత లేదు" అని ఒప్పుకునేవాళ్లు.

నా పెళ్లయిన రెండో ఏడు. యుద్ధం రోజులు. గింజలు సర్కారు లెవీ కింద పోతున్నాయని పెద్దవాళ్లు అనుకునేవాళ్లు. మాకు పోవడానికి గింజలే లేవు. మా ఆయన వెదురు కొట్టే కూలికి మన్ననూర్ అడవికి పోయాడు. ఊళ్లో పటేలు జొన్నచేను కోతకొచ్చింది. కోసేవాళ్ల వరుసను మేము మునుం అంటాం. ఆ మునుంలో ఒక్కో ఇంటికి రెండు కొడవళ్లకు చోటు. ఒక కొడవలి తగ్గితే ఆ ఇంటి చోటు ఇంకొకరికి పోయేది. కూలి గింజల రూపంలోనే ఇచ్చేవాళ్లు. ఆ గింజలే మాకు వానలు పడేదాకా తిండి. ఆ ఏడు మా ఇంటి రెండు కొడవళ్లు అంటే మా అత్త, నేను.

కోత మొదలైన మూడో రోజు సాయంత్రం నేను కట్టెల మోపు ఎత్తుకుని ఇంటికి వస్తుంటే, గాజుల సాయిబు మా వాడ నుంచి బయటికి పోతూ కనిపించాడు. ముసలి మనిషి. వీపు మీద గాజుల మూటతో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దాకా ఊరూరూ తిరిగేవాడు. అత్తవారింట్లో ఉన్న ఆడపిల్లలకు అమ్మగారింటి కబుర్లు ఆయనే తెచ్చేవాడు. మోపు దించి పరుగెత్తేలోపు ఆయన చేలు దాటిపోయాడు.

"సాయిబు వచ్చిండా?" అని అత్తనడిగాను.

"వచ్చిండు. కోతలల్ల గాజులు ఎవలు ఏసుకుంటరు, పగుల్తయి. పొమ్మన్న" అంది.

ఆమె పొయ్యి ఊదుతోంది. ముఖం నా వైపు తిప్పలేదు. పొగకు తిప్పలేదేమో అనుకున్నాను.

ఇంకో ఎనిమిది రోజులకు కోత అయిపోయింది. అదే సాయంత్రం మా ఆయన అడవి నుంచి వచ్చాడు. ఆయన కాళ్లు కడుక్కోకముందే అత్త నన్ను పిలిచింది.

"మీ అమ్మకు పానం బాగలేదంట బిడ్డా. పొద్దుగాల లేసి ఇద్దరు పోండ్రి."

"ఎవలు చెప్పిండ్రు అత్తా?"

"తొవ్వల పోయేటోళ్లు చెప్పిండ్రు."

అని కొత్త జొన్నలు గుడ్డలో మూట కట్టసాగింది. రోజూ గింజలు చారెడు ఎక్కువ పడితే మళ్లీ తీసి కుండలో వేసే మనిషి. ఆ రోజు దోసిలి మీద దోసిలి పోస్తూనే ఉంది. నా మనసులో ముల్లు గుచ్చుకున్నది అక్కడే.

రెండున్నర రోజులు నడిచాం. పోయేసరికి మా అమ్మ మట్టిలో ఉంది. పూడ్చి రెండు రోజులైందట, పైన మట్టి కూడా ఇంకా ఆరలేదు. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మను చూసుకున్నది మా మేనత్త. ఆమె గడపలో కూర్చుని నన్ను చూసి ఏడవలేదు.

"ఇప్పుడొస్తివా? కబురు పంపి పదిహేను దినాలాయె" అంది.

"ఎవలతోని పంపినవ్?"

"గాజుల సాయిబుతోని. మీ అమ్మ ఆయనకు ఏం చెప్పిందో ఎరుకేనా? 'నా బిడ్డది అనుమానపు బుద్ధి, అమ్మ ఊకెనే పిలుస్తుంది అనుకుంటది, నిజంగనే బాగలేదని మూడుసార్లు చెప్పు' అన్నది. తొవ్వల గాజుల మూట కనబడ్తదా అని దినాం చూసేది."

నేను అమ్మ పండుకున్న చాప మీద పడి ఏడ్చాను. ఆ ఏడుపులో కూడా రోజులు లెక్కపెడుతూనే ఉన్నాను. సాయిబు మా వాడ నుంచి పోతూ కనిపించిన సాయంత్రానికి, మేము బయల్దేరిన పొద్దుకు మధ్య ఎనిమిది రోజులు. ఆయన చెప్పడం మరిచాడా? చెప్పినా మా అత్త దాచిందా? మా ఆయనకు కూడా ఇందులో చెయ్యి ఉందా? పక్కనే కూర్చుని నాతోపాటు ఏడుస్తున్న మనిషిని కూడా అనుమానంగానే చూశాను.

పది రోజులుండి తిరిగొచ్చాను. మా అమ్మ చివరి చూపు నాకు దక్కకుండా చేసింది ఎవరో నాకు తెలియాలి. తెలిశాక ఆ ఇంట్లో ఉండగలనో లేదో తేల్చుకోవాలి. అప్పటి నుంచి నా బతుకులో ఉన్న పని అదొక్కటే. మరి నేరుగా అడగవచ్చు కదా అని మీరనవచ్చు. అడిగితే అబద్ధం చెబుతుందని భయం. నిజం చెబితే ఏం చేయాలో తెలియని భయం ఇంకోటి. అందుకని అడగకుండా కాపలా కాశాను.

వచ్చాక మొదటి ఆదివారం. ప్రార్థన అనుదినాహారం దాటింది. క్షమించే మాట దగ్గర నా పక్కన బొంగురు గొంతు టక్కున ఆగిపోయింది.

అందరికీ వినపడింది. ఆడవాళ్ల వైపున చీరల గలగల కూడా ఆగిపోయింది. ఎన్నడూ గుంతలో పడని గొంతు పడింది. ప్రార్థన అయ్యాక అందరి చూపులూ నా మీదే. ఆ ఇంట్లో అత్త తగాదా పడాలంటే కోడలు తప్ప ఇంకెవరున్నారు? నాకు ఒళ్లు మండింది. చనిపోయిన అమ్మను చూడలేకపోయింది నేను. పగ ఆమెకా? దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది అనుకున్నాను. పది రోజులు అమ్మగారింట్లో ఉన్నందుకే ఇంత కోపమైతే, కబురు దాచడానికి వెనకాడుతుందా?

తర్వాతి ఆదివారమూ అంతే. ఆ తర్వాతా అంతే. ఇంట్లో మాత్రం ఆమె రోజురోజుకూ మెత్తబడింది. రొట్టెల్లో పెద్దది నా ముందు పెట్టేది. తలకు నూనె రాస్తానని పిలిచేది. బావి నుంచి నేను తేవాల్సిన రెండో కడవ నాకంటే ముందే పోయి తెచ్చేది. అతి వినయం ధూర్త లక్షణం అంటారు. ఆమె ఎంత బాగా చూసుకుంటే నా అనుమానం అంత బలిసింది. ఆ పెద్ద రొట్టె తుంచి మా ఆయన కంచంలో వేసేదాన్ని. నూనె వద్దు, తల నొస్తుంది అనేదాన్ని. ఆమె నూనె గిన్నె మళ్లీ గూట్లో పెట్టుకునేది.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ప్రతి ఆదివారం ఆ మాట దగ్గరికి రాగానే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఈ రోజైనా ఆమె గొంతు వస్తుందా? రాలేదు. ఒక్క వారం కూడా రాలేదు.

మాకు ప్రభువు బల్ల ఏడాదికి ఒక్కసారే. వానలు తగ్గి తొవ్వ ఆరాక వనపర్తి నుంచి అయ్యగారు సైకిలు మీద వచ్చి రొట్టె, రసం ఇచ్చేవారు. ఆ రోజు బల్లకు ముందు చెప్పే ప్రార్థన మామూలుది కాదు. ఆ మాట దగ్గర ఎవరి గొంతు ఆగితే వాళ్ల దగ్గరికి సంఘపెద్ద వచ్చి కారణం అడిగేవాడు. చెప్పుకుని రాజీపడితే సరే. లేదంటే లేచి గడప దగ్గర కూర్చోవాలి. రొట్టె పళ్లెం గడప దాకా రాదు.

బల్ల రేపనగా శనివారం పొద్దున గాజుల సాయిబు వచ్చాడు. అన్ని నెలలూ గద్వాల వైపే తిరిగాడట. పక్కింటి వాకిట్లో మూట విప్పాడు. మా అత్త చేనుకు పోయింది. నేను పోయి చెయ్యి చాపాను. ఆయన ఆకుపచ్చ గాజు ఒకటి తీసి, నా వేళ్లు మెల్లగా నొక్కుతూ, నవ్వుతూ అడిగాడు.

"మీ అమ్మ ఎట్లున్నది బేటీ? నిమ్మళమయ్యిందా?"

ఆయనకు తెలియదు. "పోయింది" అన్నాను. "నేను పోయెటాలకే పోయింది. నువ్వు కబురు ఎప్పుడు చెప్పినవ్ తాతా?"

"అల్లా! అదే దినం చెప్పిన గద. మీ ఇంటి ముంగట నిలబడి మీ అత్తకు చెప్పిన. మూడుసార్లు చెప్పమన్నది మీ అమ్మ, మూడుసార్లు చెప్పిన. మీ అత్త మూడుసార్లు తలకాయ ఊపింది. పొద్దుగాలనే తోలుత అన్నది."

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. గాజు పగిలి మణికట్టు మీద గీసుకుపోయింది. ఆయన తన తువాల కొసతో ఆ రక్తం తుడిచాడు. చనిపోయినవాళ్ల కోసం వాళ్లు చెప్పే మాట ఏదో మెల్లగా చెప్పుకున్నాడు. తర్వాత మూట కట్టేశాడు. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఎంత పిలిచినా ఆ రోజు మా వాడలో ఇంకొక్క గాజు అమ్మలేదు.

ఇప్పుడు నాకు తెలిసింది. ఏం చేయాలో కూడా తెలిసింది. రేపు ఆ మాట దగ్గర నేను నోరు మూసుకుంటాను. పళ్లు బిగించి మూసుకుంటాను. సంఘపెద్ద వచ్చి అడుగుతాడు. అప్పుడు అయ్యగారి ముందు, అందరి ముందు లేచి, ఎనిమిది రోజులు, ఎనిమిది నెలలు, అన్నీ చెబుతాను. గుంత లేని ప్రార్థన అని వాడంతా మొక్కిన మనిషి ఎలాంటిదో అందరికీ తెలియాలి. ఆ సాయంత్రం అత్త ముందు ఎప్పటిలాగే తిన్నాను. ఎప్పటికంటే నిమ్మళంగా తిన్నాను.

ఆదివారం బల్ల మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ప్రార్థన మొదలైంది. అనుదినాహారం దాటింది. నేను పెదవులు బిగించాను, ఈసారి కళ్లు మూసుకోలేదు. మా అత్త వైపు తిరిగాను.

ఆమె కూడా కళ్లు తెరిచే ఉంది. ముఖం నా వైపు తిప్పి, చెవి కొంచెం వంచి, నా పెదవులనే చూస్తోంది.

ఆమెన్ అయ్యింది. సంఘపెద్ద ఆడవాళ్ల వైపుకు వచ్చాడు. నా దగ్గరికి కాదు, ముందు ఆమె దగ్గరికి.

"ఎనిమిది నెలల సంది నీ గొంతు ఇనబడ్తలేదు. నీ కోడలు ఏం తప్పు చేసింది, చెప్పు."

"నా కోడలు ఏ తప్పు చేయలె. నాకు ఎవల మీద పగ లేదు" అంది మా అత్త.

"మరి ఎందుకు అంటలేవు?"

"ఇంటున్న" అంది. "అది అంటదా అని ఇంటున్న. నేను అనుకుంట పోతె దాని గొంతు నాకు ఇనబడది. అందుకని ఆపి ఇంటున్న. ఎనిమిది నెలల సంది ఒక్కసారి గూడ అనలె. దానికి అంతా ఎరుకే. నన్ను క్షమించలె."

అబద్ధం అని అరవబోయాను. నాకు నిన్నటిదాకా తెలియనే తెలియదు అనబోయాను. అంతలో గుర్తుచేసుకోవడానికి చూశాను. ఈ ఎనిమిది నెలల్లో ఆ మాట నేను ఎప్పుడన్నాను? ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఆమె గొంతు వినాలని ఊపిరి బిగబట్టిన మనిషి నోట్లోంచి మాట ఎలా వస్తుంది? నేను ఆమె నోటికి కాపలా కాస్తుంటే ఆమె నా నోటికి కాపలా కాసింది. నాకు సిగ్గేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

ఆమె ఆగలేదు. ఆ మనిషి అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను చూసింది అదే.

"వాళ్లమ్మ సావుబతుకులల్ల ఉన్నదని సాయిబు చెప్పిపోయిండు. దీన్ని తోలితె ఒక కొడవలి తక్కువైతది, మునుంల చోటు పోతది అని ఎనిమిది దినాలు దాచిన. ఇంట్ల ఒక్క గింజ లేకుండె. జర ఆగితె ఏమైతది అనుకున్న. అయ్యింది. గింజలకోసం దాచిన అయ్యగారూ. ఇగ దాసుకునేది ఏం లేదు."

నేను దాచుకున్న మాటలన్నీ ఆమే చెప్పేసింది. నా చేతిలో ఏమీ మిగలలేదు. అయ్యగారు నా వైపు తిరిగి మెల్లగా అడిగారు. "అమ్మా, క్షమించగలవా?"

రొట్టె బల్ల మీద ఉంది. ఊరంతా నా నోటి వైపు చూస్తోంది. అవునంటే అయిపోయేది. ఇద్దరం రొట్టె తినేవాళ్లం. కానీ ఆ ఊరి చట్టం అప్పటికి నా ఒంట్లోకి ఎక్కింది. అబద్ధం ఆడితే శాపం నాకే.

"నాతోని కాదు" అన్నాను.

ఇద్దరినీ గడప దగ్గర కూర్చోబెట్టారు. ఆ రోజు గడప దగ్గర ఇంకెవరూ లేరు. గడప ఇరుకు. ఆమె మోకాలు, నా మోకాలు తగులుతున్నాయి. జరుగుదామంటే చోటు లేదు. పళ్లెం వరుసల్లో తిరిగి వెనక్కి పోయింది. మేమిద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం.

ఆ తర్వాత ఆమె పెద్ద రొట్టె నా ముందు పెట్టడం మానేసింది. నూనె రాస్తానని పిలవలేదు. ఉప్పు తక్కువైతే తక్కువైందని తిట్టింది. అలా ఉంటేనే నాకు ఆ ఇంట్లో ఊపిరి ఆడింది. తనకేమీ తెలియదని మా ఆయన ఒట్టేసి చెప్పాడు. సగం నమ్మాను. ఇంట్లో ఉండాలా, పోవాలా అన్నది తేలలేదు. పోదామంటే అమ్మగారింట్లో అమ్మ లేదు.

మళ్లీ జొన్నకోత వచ్చింది. మా ఆయన మళ్లీ మన్ననూర్ పోయాడు. కోత మొదటి రోజు పొద్దున లేచి చూస్తే అత్త లేదు. ఆమె కొడవలి గోడకే ఉంది. ముందుగా చేనుకు పోయిందేమో అని పోయి చూశాను, అక్కడా లేదు. ఒక్క కొడవలితో వచ్చావేమని పటేలు మనిషి నన్ను మునుంలో నిలబడనివ్వలేదు. మా చోటు ఇంకో ఇంటికి పోయింది. ఇక నాకు మిగిలింది, కోసిన చేలో రాలిన కంకులు ఏరుకునే పరిగె పని. వంగి ఏరుతూ ఆమెను తిట్టాను. గద్వాల దగ్గర ఆమె అన్న ఉన్నాడు, అక్కడ కూర్చుని నా మీద చాడీలు చెబుతుందేమో అనుకున్నాను. నన్ను పస్తులుంచి ఊరి నుంచి వెళ్లగొట్టే ఎత్తేమో అని కూడా అనుకున్నాను. ఏడు రోజులు పరిగె ఏరాను, ఏడు రోజులూ తిట్టాను.

ఏడో రోజు పొద్దు వాలుతుండగా వచ్చింది. పాదాలు ఉబ్బి, గుడ్డపేలికలు చుట్టుకుని ఉన్నాయి. వాకిట్లో కూలబడి నీళ్లడిగింది. చెంబు ఇచ్చి నిలబడ్డాను.

"ఏడికి పోయినవ్?"

"మీ ఊరికి."

"ఎందుకు?"

"మీ అమ్మ గోరి కాడికి పోయిన. మీ మేనత్తకు చెప్పిన, నేనే దాచిన అని. తిట్టింది. మంచిగ తిట్టింది. నువ్వు తిట్టేటియి గూడ అన్ని ఆమెనే తిట్టింది."

నేను నమ్మలేదు. నా బుద్ధి అలాంటిది. పోలీసు జవాను దొంగను అడిగినట్టు అడిగాను. "మా ఇంటి ముంగట ఏమున్నది, చెప్పు."

"అంచు పలిగిన రాతి తొట్టి. దాంట్ల మీ మేనత్త కోళ్లకు నీళ్లు పోస్తది. ఒక కోడికి కన్ను లేదు" అంది.

ఆ తొట్టి అంచు పగలగొట్టింది నేనే, చిన్నప్పుడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమెకు కనిపించకుండా పొయ్యి వైపు తిరిగాను.

"కోత పోయింది, ఎరుకేనా? మునుంల చోటు పోయింది" అన్నాను.

"ఎరుకే" అంది. "ఎరుకయ్యే పోయిన."

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవి నేను ఏరిన పరిగె గింజలే. అవి అయిపోతే ఏమిటో తెలియదు. గోడ పట్టుకుని నడుస్తూ ఆమె గుడికి వచ్చింది. ప్రార్థనకు అందరూ లేచారు, ఆమె కూడా నా భుజం పట్టుకుని లేచింది. అనుదినాహారం అన్న మాట మేమిద్దరం అందరికంటే గట్టిగా అన్నాం. అంత గట్టిగా అనాల్సిన అవసరం ఆ రోజు మా ఇంటికే ఉంది. ఆ తర్వాత గుంత.

ఆమె గొంతు ఆగింది. చెవి నా వైపు వంగింది.

అనాలని నేను ముందుగా అనుకోలేదు. మా అమ్మ గాజుల మూట కోసం తొవ్వ వైపు చూడటం నా కళ్ల ముందు అలాగే ఉంది. నా భుజం మీద ఆమె బరువంతా ఉంది. నా నోరు తెరుచుకుంది. పగిలిన గొంతుతో, మొదటి నుంచి చివరి దాకా, ఆ మాట అన్నాను.

అప్పుడు ఆమె మొదలుపెట్టింది. అప్పటికి అందరూ శోధన దగ్గరికి పోయారు. ఆమె ఒక్కతే వెనక మిగిలి, ఆ బొంగురు గొంతుతో క్షమించే మాట చెప్పుకుంటూ వస్తోంది. ఎవరూ నవ్వలేదు. ఆమె కోసం ఎవరూ ఆగలేదు కూడా.

మనస్ఫూర్తిగా అన్నానా, ఆ ఉబ్బిన పాదాలు చూసి అన్నానా అంటే, నాకు ఇప్పటికీ అనుమానమే. ఆమె మాత్రం అనుమానపడలేదు. అందరూ ఆమెన్ అని కూర్చున్నాక, ఆమె ఆమెన్ ఒక్కటే వినబడింది.